గవదబిళ్ళల సెలవులు

ఆ కుటుంబంలో పెద్దవాళ్ళైపోయిన పిల్లలు ఇప్పటికీ ఏ పాత సంగతి చెప్పుకున్నా, అది గవదబిళ్ళలకి ముందా తర్వాతా అని అడుగుతారు. మెట్ల మీంచి పడి పన్ను విరగ్గొట్టుకున్నది ముందు. సైకిలు కొన్నది తర్వాత. కొత్తగా వచ్చిన కోడళ్ళూ అల్లుళ్ళూ మొదట్లో తెల్లమొహం వేసేవాళ్ళు. పోనుపోను వాళ్ళకీ అలవాటైపోయింది.

అప్పటికి చిలక వాళ్ళమ్మకి ముప్పై నిండలేదు. చిలకంటే ఆమె పెద్దకూతురు, ఆరేళ్ళది. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. దాంతో తల్లి కూడా ఆ వీధి మొత్తానికి చిలక వాళ్ళమ్మే అయింది. చిలక తర్వాత బుడ్డోడు, మూడేళ్ళవాడు. వాళ్ళ నాన్న పటాలు కట్టేవాడు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, దాని వెనక వంటగది, పెరట్లో కుళాయి. కొట్లో గోడ పొడుగునా ఫ్రేములకి కోసే చెక్కబద్దలు, మూల అద్దాల పలకలు, మధ్యలో పెద్ద బల్ల. అద్దం మీద కోత గీసేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడులోనే బుడ్డోడు హాయిగా నిద్రపోయేవాడు. ఆ చప్పుడు ఆగితే లేచి కూచునేవాడు. ఆయన అద్దం కోసి ఫ్రేము బిగిస్తే, వెనక మందపాటి కాగితం అంటించి, కొక్కేలు కొట్టి, తగిలించడానికి పురికొస కట్టడం ఆమె పని. కాగితం అంటించడంలో ఆమెది చెయ్యి తిరిగిన పని. ఎక్కడా ఒక్క ముడత కనిపించేది కాదు.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో, నాలుగు రోజులుండి పోదామని ఆయన అక్క పిల్లలిద్దర్నీ తీసుకుని వచ్చింది. కొడుకు పెద్దాడికి తొమ్మిదేళ్ళు. కూతురికి అయిదు. బుగ్గలూ చేతులూ నిండుగా ఉంటాయని దాన్ని అందరూ బొద్దు అని పిలిచేవాళ్ళు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊళ్ళ మధ్య ట్రంకాళ్ళు కలపడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగం వల్ల వచ్చిందో పుట్టుకతోనే ఉందో గానీ, ఆవిడ మాట్లాడితే ప్రతి అక్షరం విడివిడిగా వినపడేది, అదీ రెండు గదుల అవతలికి. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. అందుకని తమ్ముడిల్లంటే తనిల్లే అన్నట్టు, గుమ్మంలో చెప్పులు విడిచీ విడవగానే వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా, పంచదార డబ్బా చోట్లు మార్చేసేది. కడిగిన గ్లాసుల్ని వెలుగులో పెట్టి చూసి మళ్ళీ కడిగేది.

చిలక వాళ్ళమ్మ నోరెత్తేది కాదు. కానీ లోపల ఒకటి ఉండిపోయింది. చిలక పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చిన ఈ వదిన, మంచం చుట్టూ పదిమంది నిలబడి ఉండగా, "ఈ అమ్మాయికి బిడ్డని ఎత్తుకోవడం కూడా రాదే" అంది. అని, పసిదాన్ని ఆమె చేతుల్లోంచి తీసేసుకుంది. అంతే జరిగింది. ఆ మాట మాత్రం ఆరేళ్ళుగా ఆమెకి అరికాల్లో ముల్లులా అలాగే ఉంది. వదిన వస్తోందని కబురు తెలిసిన రోజు నుంచీ అది మళ్ళీ సలపడం మొదలుపెట్టేది.

వచ్చిన రెండో రోజు పొద్దున పెద్దాడు రొట్టె కొరికి, నమల్లేక పక్కన పెట్టేశాడు. చెవి కింద నొప్పన్నాడు. పిప్పిపన్ను అయ్యుంటుందని వాళ్ళమ్మ తేల్చేసింది. సాయంత్రానికి వాడి దవడ గాలి ఊదిన బెలూన్లా ఉబ్బింది. వీధి చివరి డాక్టరు వేళ్ళతో తడిమి చూసి, ఇవి గవదబిళ్ళలని, కుర్రాణ్ణి బస్సెక్కించవద్దని, విడిగా పడుకోబెట్టమని, మిగతా ముగ్గురు పిల్లలకీ ఈపాటికే అంటుకుని ఉంటే మాత్రం బయటపడడానికి రెండు మూడు వారాలు పడుతుందని చెప్పాడు.

ఇంటికి వస్తూ వదిన దారంతా పెద్దాడి తల మీద కొంగు కప్పుతూనే ఉంది. గుమ్మం దగ్గర ఆగి, మేమొచ్చి మీ నెత్తిన ఇలా, అని మొదలుపెట్టి, మిగతాది మింగేసింది. ఇది మీ ఇల్లు కాదా వదినా అని చిలక వాళ్ళమ్మ అనాల్సిన మాట అంది. అంటూనే, డాక్టరు చెప్పిన రెండు మూడు వారాలంటే ఎన్ని పూటలో మనసులో లెక్క కట్టుకుంది.

వదిన ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళి తన ఎక్స్ఛేంజికే ఫోను చేసి సెలవు పొడిగించుకుంది. వెంట వెళ్ళిన చిలక తిరిగొచ్చి, అత్త నంబరు చెప్పకుండానే అవతలావిడ అత్త గొంతు గుర్తుపట్టేసిందని ఇంట్లో అందరికీ, తర్వాత వీధిలో అందరికీ చెప్పింది.

వెనక గది పెద్దాడికి వదిలేశారు. అద్దాల పలకలన్నీ గోడ వైపు తిప్పి, వాటికి అడ్డంగా బల్లలు పేర్చి, మిగతా పిల్లల పక్కలు కొట్లో పెద్ద బల్ల కింద వేశారు. పిల్లలకది పండగైపోయింది. బల్ల చుట్టూ దుప్పటి వేలాడదీసుకుని లోపల కాపురం పెట్టేశారు. పైన ఆయన రంపంతో చెక్క కోస్తుంటే పొట్టు రాలి దుప్పటి అంచుల్లో కుప్పలు పడేది. దాన్ని బుడ్డోడు మూటలు కట్టి దాచుకునేవాడు.

గవదబిళ్ళలున్నవాళ్ళకి పులుపు పడదు. తినడం మాట దేవుడెరుగు, తల్చుకుంటేనే దవడ పీక్కుపోతుంది. ఈ సంగతి డాక్టరు చెబుతుంటే విని చిలక బుర్రలో పెట్టుకుంది. గది గుమ్మం దగ్గర నిలబడి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "నిమ్మకాయ" అనేది. లోపల పెద్దాడు రెండు చేతులతో దవడలు పట్టుకుని లబోదిబోమనేవాడు. ఇది రోజుకి ఎన్నిసార్లు జరిగేదో లెక్కలేదు. వీపు మీద రెండు వేస్తామని పెద్దవాళ్ళు బెదిరిస్తే, "కోసిన నిమ్మకాయ" అని ఇంకొంచెం కలిపి పారిపోయేది.

ఇంకో గొడవ పిలుపులతో వచ్చింది. చిలకకీ బుడ్డోడికీ వదిన అత్త. పెద్దాడికీ బొద్దుకీ చిలక వాళ్ళమ్మ అత్త. ఏ గదిలోంచి "అత్తా" అన్న కేక వినపడినా ఇద్దరూ చేతిలో పని పడేసి లేచేవాళ్ళు, గుమ్మంలో గుద్దుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి ఎవరు దగ్గరుంటే వాళ్ళే వెళ్ళడం మొదలైంది. పెద్దాడికి జావ పట్టడం చిలక వాళ్ళమ్మ వంతయింది. వాడు తల్లి దగ్గర గునిసేవాడు గానీ, ఈమె చెంచా పట్టుకుంటే నోరు తెరిచేవాడు. బుడ్డోడేమో అత్త ఒడి ఎక్కి దిగేవాడు కాదు. రెండో వారానికల్లా వదిన వాడికి బొత్తాలు తనే పెట్టుకోవడం నేర్పేసింది. అన్నీ ఒకటి పైకీ ఒకటి కిందకీ పెట్టుకుని, ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

ఇవన్నీ ఇలా ఉండగా పని నెత్తి మీద ఉంది. ఒక బడి వాళ్ళు ఏళ్ళ తరబడి అటక మీద పడి ఉన్న గ్రూపు ఫొటోలన్నీ పంపి, సెలవులయ్యేలోగా పటాలు కట్టిమ్మన్నారు. ఇల్లు ఆసుపత్రి అయ్యేసరికి ఆయన వెనకబడిపోయాడు. ఊరికే కూచోవడం చేతకాని వదిన, తనూ కాగితం అంటిస్తానని బల్ల దగ్గరికి వచ్చింది. జిగురు ఎక్కువైంది. కాగితం వంకరగా వెళ్ళి, మధ్యలో ఉబ్బి, చివర్న ముడుచుకుంది. సరిచేద్దామని లాగితే చిరిగింది. మీకు కాగితం పట్టుకోవడం కూడా రాదే అనే మాట చిలక వాళ్ళమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నాళ్ళుగానో అలాంటి అదను కోసమే కాచుక్కూచున్నట్టు వచ్చింది. వదిన మొహం చూసింది. చెంప మీద జిగురు, వేళ్ళకి కాగితం ముక్కలు అంటుకుని, పరీక్షలో లెక్క తప్పిన పిల్లలా ఉంది. చిలక వాళ్ళమ్మ ఆ వేళ్ళకి గుడ్డ తడిపి ఇచ్చి, జిగురు మధ్యలోంచి అంచులకి ఎలా లాగాలో చేసి చూపించింది. రెండోది కొంచెం నయం. మూడోది గోడకి తగిలించొచ్చు.

మంచం మీద పడుండి విసుగెత్తిపోయిన పెద్దాడు ఫోను తయారుచేశాడు. సన్నమేకులు పోసుకునే రేకు డబ్బాలు రెండు మావయ్యనడిగి తీసుకుని, అడుగున చిల్లులు పొడిచి, పురికొస కట్టాడు. ఒక డబ్బా మంచం దగ్గర, ఇంకోటి కొట్లో బల్ల మీద. గుమ్మం మధ్యలోంచి పురికొస బిగువుగా లాగితే మాట స్పష్టంగా వినపడేది. వాళ్ళమ్మకి ఇంతకంటే కావలసిందేముంది. మంచం పక్కన నిటారుగా కూచుని, ఉద్యోగం గొంతు పెట్టి, నంబరెంత అనడిగేది, లైను బిజీగా ఉంది కాసేపాగి చేయమనేది, మూడు నిమిషాలు కాగానే పొడిగించమంటారా అనేది, పెద్దాడికీ చిలకకీ మాటలు కలిపేది. బుడ్డోడు డబ్బా చెవికి పెట్టుకుని, అవతల ఏమడిగినా తలూపేవాడు. వాడు తలూపితే అవతలికి తెలియదని వాడికి నచ్చజెప్పడం ఎవరి తరమూ కాలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన కట్టిన పటాలు తోపుడుబండి మీద వేసుకుని బడికి వెళ్ళాడు. పిల్లలంతా నిద్రపోయారు. చిలక వాళ్ళమ్మ ఒక్కతే కొట్లో కాగితం కోస్తోంది. బల్ల మీది డబ్బా చిన్నగా కదిలింది. పెద్దాడు లేచాడేమో అనుకుని తీసి చెవికి పెట్టుకుంది.

"ఎక్స్ఛేంజి. ఎవరు కావాలండీ?"

గుమ్మంలోంచి చూస్తే మంచం కోడు, దాని పక్కన వదిన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. లేచి వెళ్తే అయిపోయేదానికి, ఎందుకో వెళ్ళబుద్ధి కాలేదు. డబ్బా నోటి దగ్గర పెట్టుకుని, "మా వదిన కావాలండీ" అంది.

మంచం పక్కన పాదాలు ఒకసారి వెనక్కి జరిగాయి. తర్వాత, "లైన్లో ఉండండి" అని, ఆ వెంటనే మామూలు గొంతుతో, "చెప్పు" అంది వదిన.

"చిలక పుట్టినప్పుడు మీరో మాటన్నారు వదినా. నాకు బిడ్డని ఎత్తుకోవడం రాదని."

"అన్నానా?"

"అన్నారు. అందరి ముందూ."

"నాకు గుర్తులేదమ్మాయ్" అంది వదిన. "కానీ అనే ఉంటాను. నా నోరు సంగతి నాకు తెలుసు." మళ్ళీ తనే అడిగింది. "అప్పుడు వచ్చా నీకు, ఎత్తుకోవడం?"

ఈ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చిలక వాళ్ళమ్మ నిజంగానే ఆలోచించింది. పసిదాని మెడ ఎటు వాలిపోతుందోనని భయంతో చేతులు కొయ్యబారిపోవడం గుర్తొచ్చింది. "రాదు" అంది.

వదిన నవ్వింది. ఆ నవ్వు ముందు గుమ్మంలోంచి, తర్వాత డబ్బాలోంచి వినపడింది. "నాకూ రాలేదు" అంది. "తమ్ముణ్ణి పెంచిన దానిని, నాకు తెలియనిదేముంది అనుకున్నా. మా పెద్దాడు పుట్టాక చూస్తే చేతులాడలేదు. పక్కన చెప్పేవాళ్ళు లేరు. ఎవరైనా వచ్చి, నీకు రాదు ఇలా ఇయ్యి అని లాక్కుంటే బాగుండుననిపించేది. నీ దగ్గర లాక్కున్నానేమో మరి. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏం వద్దు వదినా."

"సరే. మూడు నిమిషాలైపోయాయండీ. పొడిగించమంటారా?"

"పొడిగించండి" అంది చిలక వాళ్ళమ్మ.

ఆ పొడిగింపు చాలాసేపు నడిచింది. గంటల తరబడి కూచోవడం వల్ల తనకి నడుం పట్టేస్తోందని, రోజంతా ఎవరెవరి మాటలో కలిపి ఇంటికొస్తే తనతో మాట్లాడేవాళ్ళుండరని, లెక్కల మాస్టారైన తన మొగుడు ఇంట్లో కూడా జవాబులే చెబుతాడు తప్ప మాటలాడడని వదిన చెప్పింది. చిలక వాళ్ళమ్మ కూడా చెప్పింది. తనకి కొట్లో పనంటేనే ఇష్టమని, పిల్లలు పడుకున్నాక ఒక్కోసారి వంటిల్లు అలాగే వదిలేసి బల్ల దగ్గరికి వచ్చేస్తానని. ఎవరో అద్దం కావాలంటూ కొట్లోకి వచ్చేసరికి, జిగురంతా ఎండిపోయి కుంచె కర్రలా బిగుసుకుపోయి ఉంది.

పెద్దాడికి వాపు తీసి చాలా రోజులైంది. ఇంకెవరికీ రాలేదు గదా అని ధైర్యం చేసి సామాన్లు సర్దారు. అప్పటికి పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయి, తీసుకెళ్ళడానికి మాస్టారు కూడా వచ్చాడు, ఒక్క పూటకి సరిపడా ఒక చొక్కా సంచిలో వేసుకుని. వచ్చీ రావడంతోనే పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్నాడు. మర్నాడు పొద్దున బొద్దు లేచింది, ఎడమ బుగ్గ కుడి బుగ్గకి రెట్టింపుగా ఉంది. దానివి మామూలు బుగ్గలేమోనని ముందు ఎవరూ పట్టించుకోలేదు. సంచులు మళ్ళీ విప్పారు. ఆ వారంలోనే చిలకకీ బుడ్డోడికీ వచ్చేశాయి. చిలక నోరు మొదటిసారి మూతపడింది. ఏడవడానికి కూడా నోరు తెరవలేక కళ్ళతోనే ఏడ్చింది. అది చూసి పెద్దాడు గుమ్మంలో నిలబడి, తీరిగ్గా, ఒక్కో అక్షరం విడదీసి, "నిమ్మకాయ" అన్నాడు.

ఆ జ్వరంలో చిలక కలవరిస్తూ పిలిచింది తల్లిని కాదు, అత్తని. చిలక వాళ్ళమ్మ నీళ్ళ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన దాన్ని భుజానేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తోంది. చిలక వాళ్ళమ్మకి చివుక్కుమనకపోలేదు. అంతలో అవతల మంచం మీంచి బొద్దు, "అత్తా, నీళ్ళు" అంది. గ్లాసు అటు తీసుకెళ్ళింది.

ఇంకో రెండు వారాలకి, చివరగా పడింది మాస్టారు. బిస్కట్టు కొరికి, దవడ పట్టుకుని, ఇది పన్నునొప్పని వాదించాడు. చిన్నప్పుడు నాకు వచ్చేశాయి, మళ్ళీ రావు అన్నాడు. ఆయన తల్లికి ఉత్తరం రాస్తే గానీ ఆ సంగతి తేలదు. ఈలోగా రెండు వైపులా ఉబ్బి, మెడ కనిపించకుండా పోయింది. మీసం మధ్యలో చిక్కుకున్నట్టయింది. డాక్టరు కదలొద్దు, మాట్లాడొద్దు అన్నాడు. తల చుట్టూ తుండు కట్టుకుని, గోడకానించిన ఖాళీ ఫ్రేముల పక్కన పక్క వేయించుకుని పడుకున్నాడు. పెద్ద మనిషికి వస్తే పిల్లలకంటే గట్టిగానే పడుతుంది. నాలుగైదు రోజులు వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. చిలక వాళ్ళ నాన్న పని ఆపి, పొద్దస్తమానం బావ పక్కనే కూచునేవాడు. జ్వరం దిగిన రోజు పిల్లలు నలుగురూ తలుపు పక్కన వరసగా నిలబడ్డారు. ఏమంటారో అందరికీ తెలుసు. మాస్టారికీ తెలుసు. ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. పిల్లలు అనలేదు. బుడ్డోడు మాత్రం తనకి రాని మాటని ఎలాగో కూడబలుక్కుని, "మిమ్మకాయ" అన్నాడు. మాస్టారు ఏడుపో నవ్వో తెలియని మొహంతో గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత ఎక్కాల ఊసెత్తలేదు. ఏదన్నా చెప్పాల్సివస్తే వేళ్ళతో బొమ్మలు చేసి చెప్పేవాడు. పిల్లలకి ఆయన దగ్గర భయం పోయింది అక్కడే.

బడి పటాలు గడువుకి అందాయి. ఆఖరి రోజుల్లో పెద్దవాళ్ళు నలుగురూ బల్ల చుట్టూ కూచుని అంటించారు. మాస్టారు కొలతలు గీశాడు. వాటిలో కొన్ని పటాల వెనక కాగితం కాస్త వంకరగా ఉంటుంది. అవి గోడకి తగిలించి ఉన్నంత కాలం ఎవరికీ తెలియదు.

వాళ్ళు వెళ్ళిపోయిన రోజు బస్సు దగ్గర పిల్లలు నలుగురూ ఏడ్చారు. ఇంటికొచ్చాక చిలక బల్ల కింద దుప్పటి దింపుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది చిలక వాళ్ళమ్మకి. ఎవరో అత్తా అన్నట్టు వినపడి రెండుసార్లు లేచి వెళ్ళింది.

వానలు వెలిశాక, మామూలు పనిదినం ఒకటి, పొద్దున పదింటికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లలు లేరు, సంచి లేదు, భుజాన హ్యాండుబ్యాగు ఒక్కటే. చిలక వాళ్ళ నాన్న చేతిలో అద్దం కింద పెట్టి, ఎవరికేమైందక్కా అన్నాడు కంగారుగా. ఎవరికీ ఏమీ కాలేదంది.

"నిన్ను చూడ్డానికి రాలేదురా. దాన్ని తీసుకెళ్దామని వచ్చా. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతా."

ఆయన అక్క మొహమూ భార్య మొహమూ మార్చి మార్చి చూశాడు. ఎక్కడికనడిగితే ఇద్దరికీ తెలియదు. చిలక బడికెళ్ళిపోయింది, బుడ్డోణ్ణి నాన్న పొట్టు మూటలతో బల్ల కింద కూచోబెట్టాడు కాబట్టి పేచీ పెట్టేవాళ్ళు కూడా లేరు. చీర మార్చుకుని చిలక వాళ్ళమ్మ బయల్దేరింది. చెప్పుల షాపులో దూరి, కొనే ఉద్దేశం లేకుండా, ఉన్నవన్నీ తొడిగి చూశారు. షాపతను విసుక్కునేలోగా బయటపడ్డారు. టీ తాగారు. ఎండ తగ్గాక పిల్లలాడుకునే పార్కులో బెంచీ మీద కూచున్నారు. చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయనుకున్నారు గానీ, కూచున్నాక ఏవీ గుర్తు రాలేదు.

వదిన చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని, ఎక్స్ఛేంజిలో కొత్తగా వచ్చిన అమ్మాయి గురించి ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. చూస్తే నిద్రపోయింది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి, తల పక్కకి వాలి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. జారిపోతున్న హ్యాండుబ్యాగుని చిలక వాళ్ళమ్మ మెల్లిగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా ఉయ్యాల దగ్గర ఎవరి పిల్లలో వంతుల కోసం కొట్టుకుంటున్నారు. ఒకడు పడ్డాడు, ఏడ్చాడు, వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చింది. ఈమె లేవనక్కర్లేదు. బస్సుకింకా టైముంది. వదిన తల ఒరిగి వచ్చి తన భుజానికి ఆనితే, కదలకుండా అలాగే కూచుంది.